రింగులో ఎక్కిన ఫ్రేము ఎక్కడ దిగాలి?

కాలేజీ కంప్యూటర్ ల్యాబుల్లో అప్పుడప్పుడూ జరిగే తతంగం ఇది. పరీక్షల ముందు బల్లలు అటూ ఇటూ జరుపుతారు. గోడ పక్కన వేలాడుతున్న నెట్‌వర్క్ కేబులు కొస ఒకటి కనబడుతుంది. ఊడిపోయిందేమో పాపం అనుకుని ఎవరో పుణ్యాత్ముడు దాన్ని స్విచ్‌లో ఖాళీగా ఉన్న పోర్టులో గుచ్చేస్తాడు. ఆ కేబులు రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉన్న సంగతి ఆయన చూసుకోడు. మరుక్షణం స్విచ్ మీది పచ్చ దీపాలన్నీ కలిసికట్టుగా కొట్టుకోవడం మొదలుపెడతాయి. ల్యాబంతా నెట్ పోతుంది.

"ఏం కదిపారు?"

"అబ్బే, ఏం లేదు సార్. ఊడిపోయిన వైరొకటి పెట్టా, అంతే."

ఆ "అంతే" ఎంత పని చేసిందో లెక్క వేసి చూడొచ్చు. ల్యాబులో ఏదో ఒక కంప్యూటరు "ఫలానా అడ్రసు ఎవరిది?" అని అందరినీ ఉద్దేశించి ఒక కేక వేస్తుంది. అలాంటి కేకను వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్ని పోర్టుల్లోంచీ బయటికి పంపడం స్విచ్ ధర్మం. కొత్తగా గుచ్చిన కేబులు రెండు కొసల్లోంచీ కేక బయటికి పోతుంది, రెండో కొస నుంచి మళ్లీ లోపలికే వస్తుంది. లోపలికి వచ్చినదాన్ని స్విచ్ కొత్త కేకే అనుకుంటుంది. మళ్లీ అందరికీ పంచుతుంది. ఈ కేబుళ్లలో నడిచే పద్ధతి ఈథర్‌నెట్, అందులో ఇలాంటి ఒక్కో సందేశాన్ని ఫ్రేము అంటారు. అతి చిన్న ఫ్రేము 64 బైట్లు. ముందు వచ్చే మేలుకొలుపు బిట్లు, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఖాళీ కలుపుకుంటే 84. సెకనుకు 100 మెగాబిట్ల లింకులో దానికి పట్టే సమయం 6.72 మైక్రోసెకన్లు. అంటే కేబులు నిండితే ఒక్కో దిక్కున సెకనుకు 1,48,809 కేకలు. అవన్నీ "అందరికీ" అని రాసి ఉన్నవే కాబట్టి ల్యాబులోని ప్రతి కంప్యూటరూ ప్రతిదాన్నీ లోపలికి తీసుకుని విప్పి చూడాల్సిందే.

ఇది ఎప్పటికి ఆగుతుంది? ఎవరో ఒకరు కేబులు పీకేదాకా ఆగదు. ఇంటర్నెట్ ప్యాకెట్టుకైతే ఆయుర్దాయం రాసి ఉంటుంది. ఎనిమిది బిట్ల గడిలో మహా అయితే 255 అనే అంకె. దాటిన ప్రతి రౌటరూ అందులోంచి ఒకటి తీసేస్తుంది, సున్నా అయ్యిందంటే ప్యాకెట్టును పారేస్తుంది. ఈథర్‌నెట్ ఫ్రేములో అలాంటి గడి లేదు. ఎవరికి, ఎవరి నుంచి, ఏ రకం, లోపలి సరుకు, చివర నాలుగు బైట్ల తనిఖీ సంఖ్య. అంతవరకే. ఎన్నిసార్లు తిరిగిందో చెప్పే గుర్తు దాని ఒంటి మీద ఎక్కడా ఉండదు.

దీన్ని కట్టినవాళ్ల తప్పని అనలేం. 1973లో జెరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ ఊహను కాగితం మీద పెట్టినప్పుడు అది ఒకే ఒక పొడుగాటి కేబులు. అందరూ దాన్నే పట్టుకుని వేలాడేవారు. ఫ్రేము రెండు వైపులా పాకి, కొసల్లో ఉన్న రెసిస్టర్లలో వేడిగా మారి మాయమైపోయేది. చుట్టే లేని చోట ఆయుర్దాయంతో పనేముంది?

అయితే ఆ పొడుగాటి కేబులుకు ఇంకో చిక్కు ఉండేది. అందరి మాటలూ అందరికీ వినబడతాయి. అందుకే నెట్‌వర్క్ కార్డు మొదట నేర్చిన విద్య వినడం కాదు, వినిపించుకోకపోవడం. ఫ్రేములో "ఎవరికి" అనే ఆరు బైట్లు అన్నిటికంటే ముందు రావడం దీనికి ఎంతో కలిసొచ్చింది. 100 మెగాబిట్ల వేగంలో ఆ ఆరు బైట్లు రావడానికి 0.48 మైక్రోసెకను చాలు. అడ్రసు తనది కాదని తేలగానే కార్డు మిగతా ఫ్రేమును వదిలేస్తుంది. కంప్యూటరుకు ఆ సంగతే తెలియదు. ఇంకో నేర్పు కూడా ఉంది. అడ్రసులో వైరు మీదికి ముందుగా వచ్చే బిట్టే అది ఒక్కరికా, గుంపుకా అన్నది చెప్పేస్తుంది. సున్నా అయితే ఒక్కరికి, ఒకటి అయితే గుంపుకి. నలభై ఎనిమిదీ ఒకట్లే అయితే ఊరందరికీ.

గుంపుల దగ్గరే కాస్త కక్కుర్తి పడాల్సి వచ్చింది. ఒక కంప్యూటరు ఎన్ని గుంపుల్లో చేరుతుందో కార్డు తయారుచేసేవాడికి తెలియదు. అన్ని అడ్రసులూ దాచుకోవడానికి ఆ రోజుల్లో చిప్పులో చోటు లేదు. అందుకని ల్యాన్స్ అనే పాతకాలపు ఈథర్‌నెట్ చిప్పులో 64 అరలు పెట్టారు. వచ్చిన గుంపు అడ్రసు మీద ఒక లెక్క కట్టి, ఫలితంలోంచి ఆరు బిట్లు తీసుకుని, ఆ నంబరు అర మీద టిక్కు ఉంటే ఫ్రేమును లోపలికి రానిస్తారు. రెండు వేర్వేరు గుంపులు ఒకే అరలో పడే అవకాశం ఉంది. అక్కర్లేనివి కొన్ని అలా దూరిపోతాయి. వాటిని సాఫ్ట్‌వేరు ఏరేస్తుంది. బియ్యాన్ని ముందు జల్లెడ పట్టి, జల్లెడలోంచి జారిన మట్టిగడ్డల్ని చేటలో పోసి చెరిగినట్టు. జల్లెడ హార్డ్‌వేరు, చేట సాఫ్ట్‌వేరు. ఈ రెండంచెల పద్ధతి ఇప్పటి కార్డుల్లోనూ ఉంది. అరల సంఖ్య మాత్రం పెరిగింది.

ఇంతవరకూ వ్యవహారం సులువే. నాది అయితే పుచ్చుకోవడం, నాది కాకపోతే వదిలేయడం. రింగులోకి దిగేసరికి ఈ రెండో సగం తలకిందులవుతుంది.

రింగు ఎందుకు వేస్తారంటే తెగుతుందన్న భయంతో. నగరంలో టెలికాం కంపెనీ ఫైబరు పరుస్తుంది. ఏదో ఒక రోజు జేసీబీ దాన్ని తెంపక మానదు. గొలుసులా వేస్తే తెగిన చోటి నుంచి అవతలంతా చీకటి. చుట్టూ తిప్పి మొదటికే తెచ్చి కలిపితే ఒక చోట తెగినా రెండో వైపు నుంచి చేరుకోవచ్చు. ఒకే ఒక్క అదనపు లింకుతో ఇంత ధీమా మరే అమరికలోనూ దొరకదు. అందుకే మెట్రో సిగ్నళ్లు, గాలిమరల వరసలు, ఫ్యాక్టరీ యంత్రాలు, కరెంటు సబ్‌స్టేషన్లు రింగు అంటే ఇష్టపడతాయి.

కానీ రింగులో ఉన్న ప్రతి పెట్టెకూ రెండు ఉద్యోగాలు. తన ఉత్తరం తాను తీసుకోవాలి, పక్కవాళ్ల ఉత్తరాల్ని ముందుకు చేరవేయాలి. నాది కాదని వదిలేస్తే అవతలివాడికి అందదు. నాది కాదని ప్రతిదాన్నీ ముందుకు తోస్తూ పోతే, చిరునామాదారు లేని ఫ్రేము గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసినట్టు తిరుగుతూనే ఉంటుంది. బస్సు ఎక్కించడానికి అందరూ ఉన్నారు, దించే కండక్టరు ఎవరు? గత యాభై ఏళ్లలో రింగు నెట్‌వర్కుల చరిత్రంతా దాదాపు ఈ కండక్టరు వేట చుట్టూనే నడిచింది.

1970ల్లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ బృందం కట్టిన కేంబ్రిడ్జి రింగు ఈ ప్రశ్నకు వచ్చిన తొలి జవాబుల్లో ఒకటి. అందులో బిట్ల పెట్టెలు ఖాళీగా తిరుగుతూ ఉంటాయి. పంపాల్సినవాడు ఖాళీ పెట్టె చూసి తన 16 బిట్ల సరుకు అందులో పడేస్తాడు. అది చుట్టు తిరిగి మళ్లీ అతని దగ్గరకే వస్తుంది. అతనే ఖాళీ చేయాలి. ఎక్కించినవాడే దించాలన్నది అక్కడి నియమం. దానితోపాటు ఇంకో ముచ్చటైన సదుపాయం ఉండేది. అందుకునే యంత్రం దగ్గర ఒక రిజిస్టరు ఉండేది. ఎవరు పంపినా తీసుకుంటాను, ఎవరిదీ తీసుకోను, ఫలానా ఒక్కడిదే తీసుకుంటాను. ఈ మూడింటిలో ఏదైనా అందులో పెట్టుకోవచ్చు. పెట్టె తిరిగొచ్చేసరికి అందులోని రెండు బిట్లు నాలుగు రకాల జవాబు మోసుకొచ్చేవి. తీసుకున్నాడు, పనిలో ఉన్నాడు, నీది వద్దన్నాడు, అసలక్కడ ఎవరూ లేరు. మొహమాటం లేని తిరస్కారం. ఇప్పటి నెట్‌వర్క్ కార్డు వద్దనుకున్న ఫ్రేమును చప్పుడు చేయకుండా పారేస్తుంది, పంపినవాడికి ఒక్క మాట కూడా చెప్పదు. పాతవాళ్ల మర్యాదే నయమనిపిస్తుంది.

1985లో ఐబీఎం సెకనుకు 4 మెగాబిట్ల వేగంతో బజారులో పెట్టిన టోకెన్ రింగు ఈ సంప్రదాయానికి దగ్గరి చుట్టం. టోకెన్ అన్న మాట రైల్వే వాళ్లకు కొత్త కాదు. సింగిల్ లైను సెక్షన్లలో స్టేషన్ మాస్టరు ఇచ్చే ఇనుప బంతి చేతికి అందితే తప్ప డ్రైవరు బండి కదిలించేవాడు కాదు. సంచిలో వేసి, వెదురు చట్రానికి తగిలించి, కదులుతున్న ఇంజనుకు అందించే ఆ నీల్స్ బాల్ టోకెన్‌ను చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. టోకెన్ రింగులోనూ అంతే. మూడు బైట్ల చిన్న ఫ్రేము ఒకటి చుట్టూ తిరుగుతుంది, అది చిక్కినవాడే మాట్లాడాలి.

అందులో ఒక విచిత్రం ఉంది. 4 మెగాబిట్ల వేగంలో ఒక్కో బిట్టుకు పట్టే సమయం 250 నానోసెకన్లు. ఆ సమయంలో సిగ్నల్ రాగి తీగలో సుమారు 50 మీటర్లు పాకుతుంది. అంటే ఒక బిట్టు పొడవు 50 మీటర్లు! వంద మీటర్ల చుట్టుకొలత ఉన్న చిన్న రింగులో ఒకేసారి రెండు బిట్లే పడతాయి. ఇరవై నాలుగు బిట్ల టోకెన్ అందులో ఎలా పడుతుంది? పాము తోక తన నోట్లోకే వచ్చేస్తుంది. అందుకని రింగులో ఒక యంత్రాన్ని పెద్దమనిషిగా ఎన్నుకుంటారు. దాన్ని యాక్టివ్ మానిటర్ అంటారు. అది తనలో 24 బిట్లు పట్టే చోటు కల్పించి, తీగలో పట్టనిదాన్ని తన జేబులో పెట్టుకుంటుంది.

ఫ్రేమును దించే పని ఇక్కడా పంపినవాడిదే. దారిలో అది తనదని గుర్తుపట్టినవాడు ఫ్రేము చివరి బైటులో ఒక బిట్టు వెలిగిస్తాడు. లోపలికి కాపీ చేసుకోగలిగితే రెండో బిట్టు కూడా వెలిగిస్తాడు. రెండూ వెలిగి తిరిగొస్తే అందినట్టు. మొదటిదే వెలిగితే మనిషి ఇంట్లోనే ఉన్నాడు గానీ తీసుకునే తీరిక లేదని. ఏదీ వెలగకపోతే ఆ ఇంట్లో ఎవరూ లేరని. రిజిస్టరు పోస్టుతో పాటు తిరిగొచ్చే సంతకం కార్డులాంటిదే. ఈ బిట్లు దారిలో మారతాయి కాబట్టి తనిఖీ సంఖ్య లెక్కలోకి రావు. చెడిపోతే పట్టుకునే దారి లేదు. అందుకే ఆ జతను ఒకే బైటులో రెండుసార్లు రాస్తారు.

మరి పంపినవాడు ఫ్రేమును వదిలి, అది తిరిగొచ్చేలోగా కరెంటు పోయి ఆగిపోతే? ఆ ఫ్రేము అనాథ. దాన్ని దించడానికి హక్కుదారు లేడు. పెద్దమనిషి అవసరం ఇక్కడే. తన ముందునుంచి పోయే ప్రతి ఫ్రేములోనూ మానిటర్ బిట్టు అనే ఒక బిట్టును ఒకటిగా మారుస్తాడు. అప్పటికే ఒకటిగా ఉన్న ఫ్రేము ఎదురైందంటే అది తన గడప రెండోసారి తొక్కుతోందన్నమాట. వెంటనే దాన్ని తీసేసి కొత్త టోకెన్ వదులుతాడు. టోల్‌గేటు దగ్గర చేతి మీద ముద్ర వేసి, ముద్రతో మళ్లీ వచ్చినవాణ్ని పట్టుకోవడం లాంటిది. ఒకే ఒక్క బిట్టుతో ఆయుర్దాయం సమస్య తీరిపోయింది. టోకెన్ రింగు బజారులో ఓడిపోయింది, ఈథర్‌నెట్ చవకై గెలిచింది. చవక గెలిచినప్పుడు పోయినవాటిలో ఆ ఒక్క బిట్టు కూడా ఉంది.

ఈథర్‌నెట్ వాళ్లు వేరే దారి పట్టారు. చుట్టు ఉంటేనే కదా తిరుగుడు, చుట్టునే తెంపేద్దాం అన్నారు. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రాడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ పద్ధతిని కనిపెట్టారు. దాన్ని వివరిస్తూ ఒక చిన్న పద్యం కూడా రాశారు. స్విచ్‌లు తమలో తాము కబుర్లాడుకుని ఒకర్ని చెట్టుకు వేరుగా ఎంచుకుంటాయి. ఆ వేరు నుంచి కొమ్మలు లెక్కవేసి, చుట్టును పూర్తిచేసే పోర్టును మూసేస్తాయి. తీగ అక్కడే ఉంటుంది, దీపం వెలుగుతూనే ఉంటుంది, మామూలు ఫ్రేములకు మాత్రం తలుపు తీయరు. మూసిన తలుపు కూడా పూర్తిగా చెవిటిది కాదు. స్విచ్‌ల మధ్య నడిచే ఆ కబుర్లను వింటూనే ఉంటుంది. కబుర్లు ఆగిపోతే అవతల ఏదో తెగిందని అర్థం, ఇక తలుపు తీయాలి.

ప్రమాదమంతా ఆ అర్థం చేసుకోవడంలోనే ఉంది. ఫైబరు లింకులో పోవడానికొక దారం, రావడానికొక దారం. రావాల్సిన దారం ఒక్కటే చెడిందనుకుందాం. మూసి ఉన్న పోర్టుకు అవతలి కబుర్లు వినబడవు. పాత ప్రమాణం ప్రకారం 20 సెకన్లు చూస్తుంది. ఆ తర్వాత వినే దశకు 15, నేర్చుకునే దశకు 15 సెకన్లు గడిపి తలుపు తీసేస్తుంది. నిజానికి పోయే దారం బాగానే ఉంది. తలుపు తీసిన క్షణం నుంచి ఆ ఒక్క దిశలో ఫ్రేములు గిరగిరా తిరగడం మొదలు. మౌనాన్ని అర్ధాంగీకారంగా తీసుకున్న ఫలితం. దీన్ని ఆపడానికి స్విచ్ కంపెనీలు లూప్ గార్డ్ వంటి కాపలాలు తర్వాత చేర్చుకోవలసి వచ్చింది.

కబుర్లు వేళకు అందకపోతే ఎంత దూరం పోతుందో 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్ చూసింది. ఏళ్ల తరబడి ఒక స్విచ్ వెనక ఒక స్విచ్ తగిలించుకుంటూ పోవడంతో ఆ ఆస్పత్రి నెట్‌వర్కు, స్పానింగ్ ట్రీ భరించే ఏడు మెట్ల హద్దు దాటిపోయింది. భారీ డేటా రద్దీ తోడైన రోజున చుట్టు పడింది. రోజుల తరబడి డాక్టర్లు, నర్సులు మళ్లీ కాగితం, పెన్నూ పట్టుకున్నారు. ల్యాబు రిపోర్టుల్ని మనుషులు మోసుకుపోయారు. అప్పటి ఐటీ సారథి జాన్ హలమ్కా జరిగినదంతా దాచకుండా బయటపెట్టడం వల్లే ఇది ఇవాళ్టికీ పాఠంగా చెప్పుకునే సంఘటన అయింది.

ఫ్యాక్టరీలకు అంతంత సేపు ఎదురుచూసే ఓపిక లేదు. వాళ్ల కోసం ఎమ్‌ఆర్‌పీ అనే పద్ధతి వచ్చింది. రింగులో ఒక స్విచ్ మేనేజరు. తన రెండు పోర్టుల్లో ఒకటి మూసి ఉంచి, రెండు వైపులా పరీక్ష ఫ్రేములు వదులుతుంది. ఇటు వదిలింది అటు చేరితే రింగు బాగుంది. చేరకపోతే తెగింది, తలుపు తీస్తుంది. యాభై స్విచ్‌ల రింగు 200 మిల్లీసెకన్లలో కోలుకుంటుంది. కన్వేయరు బెల్టుకు ఇది చాలు.

కరెంటు సబ్‌స్టేషన్‌కు చాలదు. అక్కడి కాలమానం వేరు. 50 హెర్ట్జ్ కరెంటులో ఒక ఆవృత్తి 20 మిల్లీసెకన్లు. 200 మిల్లీసెకన్లంటే పది ఆవృత్తులు. షార్ట్ సర్క్యూట్ పడిన లైనును అంతసేపు వదిలేస్తే ట్రాన్స్‌ఫార్మరుకే ఎసరు. కొత్తతరం డిజిటల్ సబ్‌స్టేషన్లలో, లోపాన్ని పసిగట్టే రిలేకూ లైనును తెంపే బ్రేకరుకూ మధ్య రాగి తీగల బదులు ఈథర్‌నెట్ నడుస్తుంది. బ్రేకరు తెరవమనే సందేశానికి, అన్నిటికంటే తొందరైన తరగతిలో, ఇచ్చే గడువు 3 మిల్లీసెకన్లు. యార్డులో కొలతలు పంపే మెర్జింగ్ యూనిట్ అనే పెట్టె ఒక్కో ఆవృత్తికి 80 చొప్పున, సెకనుకు 4,000 కొలతలు ఫ్రేములుగా పంపుతూ ఉంటుంది. తెగిందా లేదా అని విచారించి, ఆ తర్వాత తలుపు తీసే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

దానికి దొరికిన జవాబు హెచ్‌ఎస్‌ఆర్. ఐఈసీ 62439-3 ప్రమాణంలో ఉంది. ఏ తలుపూ మూయరు. ప్రతి ఫ్రేమునూ రెండు ప్రతులు చేసి, ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు ఒకేసారి వదులుతారు. ఎక్కడ తెగినా ఏదో ఒకటి చేరుతుంది. కోలుకునే సమయం సున్నా, ఎందుకంటే పడిపోవడమే లేదు. బదులుగా, తిరుగుడును ఆపే భారమంతా రింగులోని ప్రతి పెట్టె నెత్తిన పడింది. టోకెన్ రింగులో ఒక్కడే పెద్దమనిషి, ఇక్కడ అందరూ పెద్దమనుషులే.

ఒక ఫ్రేమును వెంబడిస్తే సంగతి తేటపడుతుంది. రింగులో ఆరు పెట్టెలున్నాయనుకుందాం. మూడో పెట్టె తన 4187వ ఫ్రేము వదిలింది. ఎవరికి, ఎవరి నుంచి అన్న గడుల తర్వాత ఆరు బైట్ల హెచ్‌ఎస్‌ఆర్ చీటీ ఉంటుంది. ఆ చీటీలో 16 బిట్ల వరస సంఖ్య. ఫ్రేము నాలుగో పెట్టె దగ్గరికి వచ్చింది. నాలుగో పెట్టె ఫ్రేము పూర్తిగా వచ్చేదాకా ఆగదు. మేలుకొలుపు బిట్లు ఎనిమిది బైట్లు, రెండు అడ్రసులు, చీటీ, మొత్తం 26 బైట్లు చదివితే నిర్ణయానికి సరిపోతుంది. 100 మెగాబిట్ల వేగంలో రెండు మైక్రోసెకన్ల పైచిలుకు. ఆ కాస్త సమయంలో తేల్చాల్సినవి ఇవి: పంపినవాడు నేనే అయితే ఇది చుట్టు తిరిగొచ్చిన నా ఉత్తరమే, దించేయాలి. ఇదే మూడో పెట్టెవాడి ఇదే 4187ను ఇదే పోర్టులోంచి ఇంతకుముందే పంపి ఉంటే మళ్లీ పంపకూడదు. నా ఒక్కడికే వచ్చినదైతే లోపలికి తీసుకోవాలి, ముందుకు పోనివ్వకూడదు. గుంపుకు వచ్చినదైతే ముందుకు పంపాలి, నేను ఆ గుంపులో ఉంటే ఒక ప్రతి లోపలికీ ఇవ్వాలి. లోపలికి ఇచ్చేది మొదట వచ్చిన ప్రతి మాత్రమే. రెండో వైపు నుంచి వచ్చే జంట ప్రతి లోపలి వాళ్ల కంట పడకూడదు.

ఒక్కరికి రాసిన ఫ్రేమును చిరునామాదారే దించేస్తాడు కాబట్టి రింగులో కొంత దారి ఆదా అవుతుంది. గుంపు ఫ్రేములకు ఆ సౌకర్యం లేదు. రెండు ప్రతులూ పూర్తి చుట్టు కొట్టి పంపినవాడి గడప దాకా పోవలసిందే. సబ్‌స్టేషన్‌లో బ్రేకరు తెరవమనే ట్రిప్ సందేశాలూ, కొలతల ఫ్రేములూ దాదాపు అన్నీ గుంపు ఫ్రేములే. సెకనుకు 4,000 కొలతలు పంపే ఒక్క యూనిట్టే 5 మెగాబిట్ల దాకా తింటుంది. అలాంటివి ఇరవై పెడితే 100 మెగాబిట్ల రింగు నిండిపోతుంది. హెచ్‌ఎస్‌ఆర్ రింగులో పెట్టెల సంఖ్యను అదుపులో ఉంచడానికి కారణం ఈ లెక్కే.

చూసినదాన్ని గుర్తుపెట్టుకోవడం ఎంత సేపు? ఎప్పటికీ గుర్తుంచుకుంటే తప్పే. 16 బిట్ల వరస 65,536 ఫ్రేములకు మళ్లీ మొదటికి వస్తుంది. అప్పుడు వచ్చే 4187 కొత్తది, పాతదని పారేయకూడదు. 100 మెగాబిట్ల వేగంలో అతి చిన్న ఫ్రేముల్ని ఊపిరి తీసుకోకుండా పంపితే 65,536 ఫ్రేములకు పట్టే సమయం 6.72 మైక్రోసెకన్ల చొప్పున సుమారు 440 మిల్లీసెకన్లు. ప్రమాణం పెట్టిన మరపు గడువు 400 మిల్లీసెకన్లు. ఆ అంకె ఆకాశంలోంచి ఊడిపడలేదు. వరస ఒక చుట్టు తిరిగేలోగా జ్ఞాపకం చెరిగిపోయేలా తూచి పెట్టినది.

ఎలా గుర్తుపెట్టుకోవాలన్నది ఇంకా నాజూకైన విషయం. చోటు ఆదా చేద్దామని "ఫలానావాడి నుంచి వచ్చిన చివరి నంబరు" ఒక్కటే రాసుకుని, దానికంటే చిన్నదేది వచ్చినా పాతదని కొట్టేయాలనిపిస్తుంది. చూడడానికి తెలివైన ఉపాయమే. కుడిదారి పొట్టిది, ఎడమదారి పొడుగు అనుకుందాం. కుడివైపు వచ్చిన 4188 అందింది. 4189 దారిలో చెడిపోయింది. 4190 అందింది, పుస్తకంలో 4190 పడింది. ఇప్పుడు పొడుగుదారిన నింపాదిగా 4189 జంట ప్రతి వస్తుంది. అది ఇంతవరకూ ఎవరికీ అందలేదు. కానీ పుస్తకంలో 4190 ఉంది కనుక పాతదేనని తలుపు వేసేస్తారు. ఇలాంటి రోజు కోసమే రెండు ప్రతులు పంపింది, ఇలాంటి రోజే రెండోది చెత్తబుట్టలో పడింది. కాబట్టి చివరి నంబరు కాదు, అందిన నంబర్ల జాబితా ఉండాలి. బిట్టుకొక నంబరు చొప్పున చిన్న పట్టిక అయినా సరే.

చెడిపోయిన ఫ్రేము మాటెత్తితే ఇంకో ఇరకాటం. తనిఖీ సంఖ్య ఫ్రేము చివర ఉంటుంది. 26 బైట్లకే ముందుకు తోసేసిన పెట్టె, అది చెడిందని తెలుసుకునేసరికి ఫ్రేము చాలా భాగం అవతలికి పోయి ఉంటుంది. అలాగని పూర్తిగా చదివి పంపుదామంటే 1,518 బైట్ల పెద్ద ఫ్రేముకు ఒక్కో పెట్టె దగ్గరా 120 మైక్రోసెకన్ల పైన ఆలస్యం. "ఎవరి నుంచి" అన్న గడే చెడితే ఆ ఫ్రేముకు హక్కుదారు ఉండడు, పాత టోకెన్ రింగు అనాథే మళ్లీ పుట్టినట్టు. అయినా హెచ్‌ఎస్‌ఆర్‌లో అది ఎక్కువ దూరం పోదు. రెండో చుట్టులో మొదటి పెట్టే "దీన్ని ఇటే పంపాను కదా" అని ఆపేస్తుంది.

ఇదే పనిని మామూలు కంప్యూటరుతో కూడా చేయించొచ్చు. 2014 జనవరిలో వచ్చిన లైనక్స్ 3.13 నుంచి కెర్నెల్‌లో హెచ్‌ఎస్‌ఆర్ డ్రైవరు ఉంది. రెండు నెట్‌వర్క్ కార్డులు తగిలిస్తే రింగులో కూర్చోవచ్చు. కాకపోతే కార్డు పుట్టుకతో నేర్చిన విద్య ఇక్కడ అడ్డొస్తుంది. తనది కాని అడ్రసు చూడగానే వదిలేసే కార్డు పక్కవాడి ఫ్రేమును ఎలా చేరవేస్తుంది? అందుకే ఆ కార్డుల్ని ప్రామిస్క్యువస్ మోడ్‌లో పెడతారు, అంటే ఎవరిదైనా సరే లోపలికి రానిచ్చే స్థితిలో. జల్లెడ తీసేశారు, ఇక బియ్యమంతా చేటతోనే చెరగాలి. లైనక్స్ వచ్చిన ప్రతి ఫ్రేము మీదా ఒక ముద్ర వేస్తుంది: నాది, గుంపుది, అందరిదీ, పరాయిది. పరాయి ముద్ర ఉన్నది ముందుకు పోవాలి గానీ పై అంతస్తుకు ఎక్కకూడదు. ఈ ముద్ర దగ్గర డ్రైవరు ఏమరితే రింగులో తిరిగే ఊరందరి ఉత్తరాలూ ఒకే ప్రాసెసరు బల్ల మీద కుప్పపడతాయి. యార్డుల్లో పెట్టే అసలు రిలేలు ఈ వడపోతను ప్రాసెసరుకు వదలకుండా ప్రత్యేక చిప్పుల చేత చేయించడం ఇందుకే.

టెస్టింగ్‌కు వచ్చిన ఇంజనీరు లాప్‌టాప్‌ను హెచ్‌ఎస్‌ఆర్ రింగులో నేరుగా గుచ్చితే ఏమవుతుంది? ల్యాబులో పచ్చ దీపాల తాండవం గుర్తున్నవాళ్లకు భయం వేయడం సహజం. ఇక్కడ ఏమీ కాదు. లాప్‌టాప్ పంపే ఫ్రేముల్లో చీటీ ఉండదు. నంబరు లేనిదాన్ని రెండోసారి గుర్తుపట్టే మార్గం లేదు కాబట్టి పక్క పెట్టె దాన్ని ముందుకు పంపదు. లాప్‌టాప్ లోపలికి రావాలంటే రెడ్‌బాక్స్ అనే మధ్యవర్తి కావాలి. అది తన వెనక ఉన్న మామూలు పరికరాల అడ్రసులన్నీ రాసిపెట్టుకుని, వాటి తరఫున చీటీలు అంటించి పంపుతుంది, అవి చుట్టు తిరిగొస్తే వాటి తరఫున దించుతుంది కూడా.

ఇక కరెంటు పోయి వచ్చిన రిలే సంగతి. లేవగానే దాని వరస సంఖ్య మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఇరుగుపొరుగు పెట్టెల పుస్తకాల్లో మాత్రం దాని పాత నంబర్లు ఇంకా ఉన్నాయి. వెంటనే మాట్లాడితే కొత్త ఫ్రేముల్ని పాతవనుకుని పారేసే ప్రమాదం ఉంది. అందుకని ప్రమాణం దాన్ని 500 మిల్లీసెకన్లు నోరు మెదపవద్దంటుంది. పొరుగువాళ్ల జ్ఞాపకం 400 మిల్లీసెకన్లకే చెరిగిపోతుంది. ఆ తర్వాత ఇంకో వంద ఆగి, రిలే తన కొత్త వరసలోని మొదటి ఫ్రేమును రెండు వైపులా వదులుతుంది.